వేసినవాడే విప్పిన రోడ్డు

ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు వదిలి మట్టిబాట పట్టుకుంటే, గుట్టల మధ్య ఒక కంకర క్వారీ ఉండేది. గుట్టను పక్కనుంచి తొలుచుకుంటూ పోయి పోయి చివరికి లోతైన గుంత చేశారు. ఆ గుంతలోకి దిగే రోడ్డు వేసినవాడు బుర్హానుద్దీన్.

ఆయనది పక్క ఊరే. తండ్రి సాగర్ రోడ్డు మీద గ్యాంగ్ కూలీ. తండ్రి వెంట పోయి తట్టలు మోసిన పిల్లవాడు మీసాలు వచ్చేసరికి రోలరు మీద క్లీనరయ్యాడు. తుర్కయాంజాల్ చుట్టుపక్కల చేన్లన్నీ ప్లాట్లవుతున్న కాలమది. వెంచర్లలో మొరం పరచడం, నీళ్ళు కొట్టించడం, రోలరుతో తొక్కించడం, ఇదే పని. అలా గ్రేడరు నేర్చాడు, ఇనుప చైన్ల మీద నడుస్తూ ముందున్న బ్లేడుతో మట్టి తోసే డోజరు నేర్చాడు. క్వారీ మొదలైనప్పుడు యజమాని మనుషులు వచ్చి అడిగితే, ఇంటికి దగ్గరని ఒప్పుకున్నాడు.

క్వారీ రోడ్డు వెంచరు రోడ్డు లాంటిది కాదని దిగినాకగానీ ఆయనకు తెలియలేదు. వెంచరు రోడ్డు మీద కార్లు తిరుగుతాయి. ఇక్కడ రాళ్ళు నింపుకున్న టిప్పర్లు పొద్దున్నుంచి చీకటిదాకా ఎక్కుతూనే ఉంటాయి. మొదట వేసిన రోడ్డు ఒక్క వానాకాలానికే గుల్లయింది. రెండోసారి అడుగున తలకాయంత బండలు పేర్పించాడు. వాటి సందుల్లో చిన్న రాళ్ళు, పైన మొరం, మొరం మీద కంకర కొట్టే క్రషర్ పొడి. గుంత వైపు అంచున టిప్పరు చక్రం సగం దాకా వచ్చే మట్టికట్ట పోశాడు. గుట్ట వైపు కాలువ తీశాడు. రోడ్డును ఆ కాలువ వైపే కొంచెం వాలించాడు, వాననీళ్ళు కాలువలో పడి, ఒక మూల నున్నటి బండ మీదుగా గుంతలోకి జారిపోవాలని.

రోడ్డు సగం దూరం దిగాక ఒక చోట పూర్తిగా వెనక్కి మళ్ళుతుంది. అక్కడ ఆనుకోవడానికి బండ లేదు, పెద్ద సందు ఉంది. ఆ సందును రాళ్ళతో, మొరంతో నింపి మలుపు కట్టాడు. డ్రైవర్లు దానికి మూల మలుపు అని పేరు పెట్టారు. కొత్తగా వచ్చిన డ్రైవరు ఎవడైనా అక్కడ బ్రేకు తొక్కి తటపటాయిస్తే, వెనకున్నవాడు హారన్ కొట్టి, "పో భాయ్, గది చాచా కట్టిన రోడ్డు" అనేవాడు. ఆ మాట బుర్హానుద్దీన్ చెవిన పడితే ఏమీ విననట్టు గుట్కా పాకెట్ చింపుకునేవాడు గానీ, ఆ పూటంతా ఆయన మొహం వెలుగుతూ ఉండేది. వాన కురిసిన ప్రతిసారీ డ్యూటీ లేకపోయినా బండి వేసుకుని పోయి మలుపు చూసి వచ్చేవాడు. భార్య రసూల్ బీ, "ఇంటి కప్పు కురుస్తున్నా పట్టదు, గా రోడ్డుకు మాత్రం ఫికర్" అని తిట్టేది.

క్వారీ లీజు అయిపోయింది. గుంతను అలా వదిలేసి పోవడానికి లేదు, మూసివేత పని చెయ్యాలని షరతు. ఆ పని చూడటానికి నిర్మల అనే ఇంజనీరు వచ్చింది. బడంగ్‌పేట్ నుంచి స్కూటీ మీద రోజూ వచ్చేది. వచ్చిన మొదటి రోజే బుర్హానుద్దీన్‌ను వెంటబెట్టుకుని రోడ్డంతా నడిచింది. చివర ఆగి, "చాచా, గుంత చుట్టూ కంచె వేస్తం, చెట్లు పెడతం. దానికంటె ముందు ఈ రోడ్డు తీసెయ్యాలె," అంది.

"రోడ్డెందుకు మేడం? ఉంటే ఏమైతది? మేకలు దిగి నీళ్ళు తాగుతయ్."

"మేకలు గాదు, దొంగతనంగ లారీలు దిగుతయ్. ఎండకాలం ఈతకని పిల్లలు దిగుతరు. దిగేతందుకు తొవ్వే లేకుంటె ఎవ్వలు దిగరు."

ఆయన తలూపాడు. కానీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

రోడ్డును విప్పడం కింది నుంచి పైకి. డోజరు వెనక ఉండే ఇనుప కొండీలతో గట్టిపడ్డ నేలను దున్నాలి. అంచు కట్టను తీసి పరచాలి. క్వారీ తెరిచినప్పుడు తీసి కుప్పపోసి ఉంచిన పైమట్టిని తెచ్చి దాని మీద కప్పాలి. అప్పుడే గడ్డి మొలుస్తుంది. ఇదంతా నిర్మల చెబితే ఆయన చేశాడు. గుంత అడుగు నుంచి మూల మలుపు దాకా రోడ్డు పని దాదాపు అయిపోయింది. ట్రాక్టరు ఒకటి పోయి వచ్చేంత వెడల్పు మాత్రం దున్నకుండా వదిలారు, ఎందుకంటే కింద నీళ్ళు తోడే మోటరు, పైపులు ఇంకా ఉన్నాయి.

మలుపు దగ్గరే ఇద్దరికీ మాట పడింది.

"మలుపు మీద ఉన్న కాలువను వానలు పోయేదాక ముట్టొద్దు చాచా. దాన్ని ఆఖర్న చేద్దాం," అంది నిర్మల.

"వానలు పోయేదాక ఆగితే మట్టి తడుస్తది మేడం. తడిసిన మట్టి బ్లేడుకు పట్టుకుంటది, పరుచుకోదు. ఇప్పుడు పొడిగున్నది, రెండు పూటల్ల అయిపోతది."

"తడిస్తె తడవనీ. మల్ల ఆరుతది."

"నేను కట్టిన మలుపు మేడం. నాకు తెల్వదా?"

"నువ్వు కట్టినవ్, అవ్. అప్పుడు దానికి కాలువ ఉండె," అంది నిర్మల. ఆ మాటలో ఎగతాళి లేదు. అయినా బుర్హానుద్దీన్‌కు అది గుచ్చుకుంది. పోయి డోజరు ఎక్కాడు.

మర్నాడు ఉదయం ఉక్కపోతగా ఉంది. పడమర వైపు మబ్బు పట్టింది గానీ దూరంగా ఉంది. నిర్మల మోటరును పైకి తెప్పించేస్తానని పరమేశ్వర్‌తో ట్రాక్టరు తీయించింది. పరమేశ్వర్ క్వారీలో మోటరు చూసుకునే మనిషి. బుర్హానుద్దీన్‌ది, అతనిదీ ఒకే ఊరు. ఇన్నేళ్ళూ మధ్యాహ్నం గిన్నెలు విప్పితే ఒకరి కూర ఒకరు తీసుకోకుండా తిన్నది లేదు. ట్రాక్టరు మూల మలుపు మీదికి వచ్చినప్పుడు పరమేశ్వర్ ఆపి, పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చున్న నిర్మల వినేట్టే అరిచాడు.

"భాయ్! ఇయ్యాల మా ఇంట్ల బోటి కూర. మోటరు తెచ్చేదాక ఆకలి పట్టుకో."

బుర్హానుద్దీన్ చెయ్యి ఊపాడు. ట్రాక్టరు మలుపు తిరిగి కిందికి పోయింది.

అక్కడే ఆయన మనసు తప్పుదారి పట్టింది. మబ్బు చూశాడు. సాయంత్రం గానీ కురవదనుకున్నాడు. ఎదురుగా పైమట్టి కుప్ప పొడిపొడిగా ఉంది. ట్రాక్టరు పైకి రావడానికి రోడ్డు ఉండాలి, సరే, రోడ్డును ముట్టను. అంచు కట్ట తీసేస్తాను, కాలువ పూడుస్తాను, అంతే కదా. వాళ్ళు మోటరు విప్పి ఎక్కించేసరికి తన పనైపోతుంది. మేడం పైకి వచ్చి చూసేసరికి మలుపు మీద మట్టి చక్కగా పరిచి ఉంటుంది. అప్పుడేమంటుందో చూద్దామనుకున్నాడు.

డోజరు బ్లేడు దించాడు.

కట్ట తీయడం తేలిగ్గానే అయిపోయింది. కాలువ పూడ్చడం ఇంకా తేలిక. మట్టి ఆయన అనుకున్నట్టే మెత్తగా పరుచుకుంది. పైన క్రషర్ షెడ్డు దగ్గర సూపర్‌వైజర్ జైపాల్, పొక్లెయిన్ నడిపే యోహాను చాయ్ తాగుతూ కనిపించారు. జైపాల్ చెయ్యెత్తి బాగుందన్నట్టు సైగ చేశాడు.

గాలి మళ్ళింది. పడమర ఉన్న మబ్బు గుట్ట మీదికి ఎప్పుడు ఎక్కిందో చూడలేదు. ముందు పెద్ద పెద్ద చినుకులు డోజరు రేకు మీద టపటపా పడ్డాయి. తర్వాత చినుకులు విడిగా కనబడలేదు. ఎదురుగా ఉన్న క్రషర్ షెడ్డు మాయమైంది, గుట్ట మాయమైంది. అంత వాన.

బుర్హానుద్దీన్ మొదట మట్టి గురించి ఆలోచించాడు. అయ్యో, తడిసిపోయెనే అనుకున్నాడు. ఆ తర్వాతే గుట్ట మీదినుంచి వచ్చే నీళ్ళ చప్పుడు విన్నాడు. ఇన్నేళ్ళూ ఆ నీళ్ళు ఎటు పోవాలో చెప్పిన కాలువ ఇప్పుడు లేదు. నీళ్ళు రోడ్డు మీదికి వచ్చాయి. ఎర్రగా, నురగతో, రోడ్డు నిండా దిగివచ్చి, ఆయన కళ్ళముందే కట్ట లేని అంచు మీదుగా కిందికి దూకాయి. దూకిన చోట మొరం ముద్దలు ముద్దలుగా విడిపోసాగింది.

ఆయన డోజరును వెనక్కి తీసుకున్నాడు. తీసుకుంటుండగానే మలుపులో సగం, ఏ చప్పుడూ లేకుండా, నానిన రొట్టె ముక్కలా కుంగి దిగిపోయింది. తను ఒక్కొక్కటీ చూసి పేర్పించిన బండలు బయటపడి, ఒకదాని వెంట ఒకటి కిందికి దొర్లాయి.

అప్పుడు ఆయన నోటినుంచి వచ్చిన మాట "పరమేశు."

కింద ట్రాక్టరు అప్పటికే బయలుదేరింది. వాన మొదలవగానే నిర్మల తొందరపెట్టింది. మోటరు, ఇనుప పైపులు ట్రాలీలో వేసుకుని, దున్నకుండా వదిలిన ఆ సన్నటి దారి మీద సగం పైకి వచ్చేసరికి ఎదురుగా ఎర్రటి వరద. పరమేశ్వర్ బ్రేకు వేశాడు. పైన మలుపు ఉండాల్సిన చోట ఆకాశం కనబడుతోంది. వెనక, దున్ని మట్టి కప్పిన రోడ్డంతా బురదై పారుతోంది. ముందుకు లేదు, వెనక్కి లేదు. ట్రాలీ ఒక పక్కకు ఒరిగింది. "దిగు మేడం, దిగు!" అని పరమేశ్వర్ అరిచి, ఆమె గుట్ట వైపు దూకాక తనూ దూకాడు. అతను దూకింది ఒరుగుతున్న వైపు. ట్రాలీలోంచి పైపులు జారి అతని కుడికాలి మీద పడ్డాయి.

బుర్హానుద్దీన్‌కు ఇదేమీ కనబడలేదు. పరమేశ్వర్ అరుపు మాత్రం వినబడింది.

పక్కనే పనికిరాని బండల కుప్ప ఉంది. ఆ కుప్పను మొత్తం తోసి ఆ సందు నింపెయ్యాలి, ఇంకేం ఆలోచన లేదు. డోజరును కుప్ప వైపు తిప్పాడు. బ్లేడు బండలకు ఆనింది. జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఒంటిచేత్తో తీశాడు.

"చాచా! రాళ్ళు తోస్తున్నవా? డోజరు చప్పుడైతుంది. తోయకు! మేం సరిగ్గ దాని కిందనే ఉన్నం!"

ఆయన డోజరును అక్కడికక్కడే ఆపాడు. ఇంకొక్క అడుగు ముందుకు పోయి ఉంటే ఆ బండలు వాళ్ళ నెత్తిన పడేవి.

"మేడం... పరమేశు..."

"కాలు విరిగింది. గుట్ట రాతిగోడ పక్కకు గుంజిన. ఇను చాచా, జర నా మాట ఇను. ఫస్టు నీళ్ళు ఆపాలె. నీళ్ళు ఆగకుంటె మేమున్న జాగ కూడ పోతది. కాలువ పూడ్చినవ్ గదా?"

ఆయన ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"పూడ్చిన," అన్నాడు.

"తియ్యి మల్ల. నీళ్ళు బండ మీదికి మళ్ళేదాక తియ్యి. రోడ్డుకు అడ్డం మట్టి పొయ్యి. గది అయినాకనే సందు సంగతి."

ఆమె గొంతులో కోపం లేదు. ఆ సమయంలో ఆమె బూతులు తిట్టి ఉంటే బుర్హానుద్దీన్‌కు కొంచెం నయంగా ఉండేది.

డోజరు వెనక్కి పైకి ఎక్కించాడు. జైపాల్ గొడుగు లేకుండా పరిగెత్తి వచ్చి, ఫైరింజన్‌కు ఫోన్ చేశానని, సాగర్ రోడ్డు మీద నీళ్ళు నిలిచి వాళ్ళు వచ్చేసరికి ఆలస్యమవుతుందంటున్నారని చెప్పాడు. యోహాను అప్పటికే పొక్లెయిన్ స్టార్ట్ చేసి దించుతున్నాడు.

కాలువ ఉన్న చోట ఇప్పుడు జిగట మట్టి. ఒక చైను అందులోకి దింపి, బ్లేడు వాల్చి కోయాలి. కోస్తుంటే డోజరు అంత బరువూ జారి అంచు వైపు పోతోంది. అంచున కట్ట లేదు. ఆ కట్ట తీసింది తనే. ఒకసారి వెనక భాగం గిర్రున తిరిగింది, ఎడమ చైను కింద నేల పోయిన సంగతి ఆయన నడుముకు తెలిసింది. బ్లేడును ఒక్కసారిగా నేలలోకి దించాడు. అది కింద ఉన్న బండకు తగిలి ఆనింది. డోజరు ఆగింది. పైన నిలబడ్డ జైపాల్, "దుంకు చాచా, దుంకు!" అని మొత్తుకుంటున్నాడు. బుర్హానుద్దీన్ దూకలేదు. ధైర్యం వల్ల అని తర్వాత అందరూ అన్నారు. ఆయనకు మాత్రం తెలుసు, కాళ్ళు లేవలేదు. కాసేపటికి ఊపిరి తీసుకుని, చైను మెల్లగా ఆడించి, బిస్మిల్లా అనుకుంటూ వెనక్కి లాగాడు. మళ్ళీ బ్లేడు వేశాడు.

మట్టి గడ్డ విడిపోయింది. పాత కాలువ నోరు తెరుచుకుంది. నీళ్ళు ఒక్కసారి తడబడి, పాత అలవాటు గుర్తొచ్చినట్టు కాలువలోకి మళ్ళి, నున్నటి బండ మీదుగా అవతలికి పడ్డాయి. ఆయన వెంటనే రోడ్డుకు అడ్డంగా మట్టి తోసి గట్టు పోశాడు. మలుపు మీద పారే నీళ్ళు పలచబడ్డాయి, తర్వాత చారలయ్యాయి.

ఫోన్‌లో నిర్మల, "తగ్గింది చాచా. ఇప్పుడు రాళ్ళు. తోయొద్దు, పొక్లెయిన్‌తోని ఒక్కొక్కటి పెట్టాలె. ఎక్కడ పెట్టాల్నో నేను చెప్త, నాకు కిందికెంచి కనబడుతుంది," అంది.

బుర్హానుద్దీన్ ఫోను స్పీకరు పెట్టి యోహానుకు ఇచ్చాడు. యోహాను పొక్లెయిన్‌ను తెగిన అంచు దాకా తెచ్చాడు. నిర్మల గట్టిగా అరిచింది. "వెనక్కి! గా అంచు కింద మొత్తం బొక్క పడ్డది!" యోహాను గబుక్కున వెనక్కి తీశాడు. ఇద్దరు మనుషులంత ముక్క అతని ముందే విరిగి పడింది. యోహాను క్యాబిన్‌లోనే సిలువ గుర్తు వేసుకున్నాడు.

అక్కడినుంచి పని ఒక వరసలో సాగింది. బుర్హానుద్దీన్ కుప్పలోంచి వెడల్పాటి బండలు ఏరి బ్లేడుతో దగ్గరికి తెచ్చేవాడు. యోహాను బకెట్‌తో ఒకటి పట్టుకుని, పొక్లెయిన్ చేయి మొత్తం చాపి, గుడ్డు పెట్టినట్టు దించేవాడు. కింద నుంచి నిర్మల, "ఇంక ఎడమకు, ఇంక, ఆఁ, ఇడువు," అనేది. ఒక బండ నిలవక దొర్లిపోయింది. అది ట్రాక్టరుకు తగిలి, ట్రాక్టరు, ట్రాలీ, మోటరు అన్నీ కలిసి మెల్లగా ఒరిగి, బురదతో పాటు గుంతలోకి జారిపోయాయి. కింద నీళ్ళలో పడ్డ చప్పుడు ఆలస్యంగా వినిపించింది.

"మేడం!" అని అరిచాడు బుర్హానుద్దీన్.

"ఉన్నం. ఉన్నం చాచా. ఆపొద్దు."

అలా కట్టింది టిప్పరు పోయే రోడ్డు కాదు, మనిషి నడిచేంత గట్టు. దాని మీద కంకర కొంచెం పోసేసరికి వాన సన్నబడింది. బుర్హానుద్దీన్ నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస పొక్లెయిన్‌కు కట్టించి, ఆ రాళ్ళ మీద నడిచి దిగాడు. కాలి కింద ప్రతి రాయీ కదిలింది.

గోడకు ఆనుకుని పరమేశ్వర్ కూర్చుని ఉన్నాడు. నిర్మల తన చున్నీని రెండుగా చింపి, ఒక కర్ర పెట్టి అతని కాలికి కట్టింది. ఆమె రెండు అరచేతులూ చీరుకుపోయి ఉన్నాయి, పైపులు లాగిన చేతులు. పరమేశ్వర్ మొహం సున్నం కొట్టినట్టుంది. బుర్హానుద్దీన్ వంగి వీపు చూపితే, నిర్మల సాయం పట్టి ఎక్కించింది. ఎక్కేటప్పుడు పరమేశ్వర్ పళ్ళు ఆయన భుజంలో దిగబడ్డాయి, అంత నొప్పి. ముగ్గురూ ఒకే తాడు పట్టుకుని పైకి వచ్చారు. వాళ్ళు పైకి చేరాక ఫైరింజన్ వాళ్ళు వచ్చారు. పరమేశ్వర్‌ను దవాఖానకు తీసుకుపోయారు.

తర్వాతి వారం విచారణకు ఒక అధికారి వచ్చాడు. ముందురోజే జైపాల్ బుర్హానుద్దీన్‌ను పక్కకు పిలిచాడు. "వాన పెద్దగ కొట్టింది, మలుపు పోయింది. గంతే చెప్పు. మిగిలింది మేం చూసుకుంటం. మేడంకు గూడ చెప్పిన," అన్నాడు.

"మేడం ఏమన్నది?"

"ఏమనలే."

అధికారి క్రషర్ షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుని ఏం జరిగిందని అడిగాడు. జైపాల్ వాన సంగతి ఎత్తుకున్నాడు. నిర్మల నోరు తెరవబోయింది. బుర్హానుద్దీన్ అడ్డుపడ్డాడు.

"వాన కాదు సార్. ఏటా కొడుతది వాన. కాలువ నేను పూడ్చిన. కట్ట నేను తీసిన. మేడం వద్దన్నది. వాళ్ళు కింద ఉన్నరని తెల్సి తీసిన."

అధికారి కలం ఆపి ఆయన మొహంలోకి చూశాడు. జైపాల్ బయటికి పోయి ఫోన్ చేసుకున్నాడు. ఆ సాయంత్రమే యజమాని ఆయనను పనిలోంచి తీసేశాడు. నిర్మల గేటు దాకా వచ్చి, "ఇంటికి చేరినాక ఫోన్ చెయ్యి చాచా," అని మాత్రం అంది.

ఆ దారిలోనే పరమేశ్వర్ ఇంటికి పోయాడు. అతని భార్య శంకరమ్మ వాకిట్లోనే ఎదురైంది. చేతిలో చాట. ఆమె లోపలికి రమ్మనలేదు.

"ఎందుకొచ్చినవన్నా?"

"జర చూసిపోదామని."

"చూసుడు గప్పుడు చూడాలె. ఇప్పుడేమున్నది చూసేతందుకు? కాల్ల రాడ్డు ఏసిన్రు. పో అన్నా, పో. ఆయన పండుకున్నడు."

లోపల పరమేశ్వర్ దగ్గడం వినబడింది. పండుకోలేదని ముగ్గురికీ తెలుసు. బుర్హానుద్దీన్ తిరిగి వచ్చేశాడు. ఇంట్లో రసూల్ బీకి జరిగిందంతా చెప్పాడు. ఆమె చేతిలో పని ఆపకుండా అంతా విన్నది. చివరికి, "నిజం చెప్పినవ్, మంచిగ చేసినవ్. కని గది చెప్పినంత మాత్రాన పరమేశు కాలు నడవదు గదా," అంది.

రెండు నెలలు బొంగులూరు దగ్గర ఒక వెంచరులో రోలరు నడిపాడు. చలికాలం ముదిరాక నిర్మల ఫోన్ చేసింది. కొత్తగా వచ్చిన డోజరు ఆపరేటరు మూల మలుపు దగ్గరికి పోవడానికే భయపడుతున్నాడట. మలుపు లోపల ఏ బండ ఎక్కడుందో తెలిసినవాడు కావాలని ఆమె యజమానితో కొట్లాడి ఒప్పించింది. "కని ఒక్క షరతు చాచా. నేను తియ్యమంటెనే తియ్యాలె, ఆగుమంటె ఆగాలె."

"ఆగుత మేడం," అన్నాడు.

పోయాడు. ఆమె పైన నిలబడి చెయ్యి ఎత్తితే బ్లేడు ఎత్తాడు, చెయ్యి దించితే దించాడు. మలుపు మొత్తం విప్పి, బండలను గుట్ట వాలుకు పేర్చి, మట్టి కప్పాడు. చివరగా మిగిలిన పై ముక్కను దున్నాడు. కంచె వేశారు, కానుగ మొక్కలు పెట్టారు. డోజరును పెద్ద ట్రైలరు మీద ఎక్కించుకు పోయారు. గుంతలోకి దిగే దారి ఇక లేదు.

ఆ మర్నాడు మళ్ళీ పరమేశ్వర్ ఇంటికి పోయాడు. ఈసారి శంకరమ్మ పక్కకు జరిగింది. పరమేశ్వర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన చంక కర్రలు. బుర్హానుద్దీన్ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పరమేశ్వర్ అడిగాడు.

"నేను పోతుంటె చూసినవ్ గదా భాయ్?"

"చూసిన."

"చెయ్యి గూడ ఊపినవ్."

"అవ్."

"మల్ల ఎట్ల పూడ్చినవ్?"

బుర్హానుద్దీన్ దగ్గర చాలా కారణాలుండేవి. మట్టి పొడిగా ఉంది, మబ్బు దూరంగా ఉంది, మేడం మాట గుచ్చుకుంది. రెండు నెలలు రోలరు మీద కూర్చుని అవన్నీ ఒకదాని వెంట ఒకటి చెప్పుకున్నాడు. ఇక్కడ ఒక్కటీ నోటికి రాలేదు.

"నాదే నడవాలనుకున్న పరమేశు. మీరు యాదికుండి గూడ లేనట్టే అయిన్రు," అన్నాడు.

పరమేశ్వర్ తల తిప్పుకుని గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. శంకరమ్మ గడపలో నిలబడి వింటోంది. బయట ఎవరో ట్రాక్టరు పోనిచ్చారు, దాని చప్పుడు మెల్లగా దూరమైంది.

"గీ కర్రలతోని చంకలు పుండ్లు పడ్డయ్," అన్నాడు పరమేశ్వర్ చివరికి, గోడతో చెబుతున్నట్టు. "డాక్టరేమో నడువుమంటడు. శంకరమ్మ పట్టుకుంటె బరువాయె, సరిగ పట్టదాయె."

శంకరమ్మ మొహం ఇంకా బిగుసుకునే ఉంది. అయినా ఆమె గడపలోంచి తప్పుకుంది. బుర్హానుద్దీన్ లేచి, పరమేశ్వర్ చంక కింద చెయ్యి వేశాడు. పరమేశ్వర్ ఆ చెయ్యిని తోసెయ్యలేదు. తన బరువంతా మాత్రం వెయ్యలేదు. సగం ఆయన మీద, సగం మంచం పట్టె మీద వేసి, మెల్లగా లేచాడు.

"వాకిట్ల దాకనే," అన్నాడు. "ఆడికంటె ఎక్కువొద్దు."

"నువ్వు చెప్పినంతనే," అన్నాడు బుర్హానుద్దీన్.